దొడ్డిగుమ్మం సారె

నెహ్రూ నగర్, బిలాస్‌పూర్
హోలీ వెళ్లిన వారం

బావకి త్రినాథరావు నమస్కారం.

అందరం బాగున్నాం. మీ చెల్లి హైమావతి మోకాలు అలాగే ఉంది. నీ చెవి ఎలా ఉంది? ఫోనులో నీకు వినపడదు. నాకు మాట రాదు. అందుకే ఉత్తరం.

ఒక విశేషం. మా పెరట్లో గడ్డి వేశారు. మొలిచేది కాదు, ప్లాస్టిక్‌ది. చాపల్లా చుట్టలు చుట్టి తెస్తారట. మా పాత గ్యాంగు సన్యాసిరావు మనవరాలి పెళ్లికని నేను రాయపూర్ వెళ్లి రెండు రోజులు ఉన్నాను. తిరిగి వచ్చేసరికి పెరడంతా పచ్చగా ఉంది. చవితికి మీ చెల్లి గరిక కోసుకునే మూల కూడా దాని కింద పడిపోయింది.

కోడలు సౌభాగ్య "మామయ్యా, ఎలా ఉంది? బురద కా ఝంఝట్ ఖతం!" అంది, బురద బెడద వదిలిందని. బాగుందన్నాను. రమణబాబుని ఎంతయిందని అడిగాను.

"ముప్పై వేలు నాన్నా" అన్నాడు.

బూటు లేసు కట్టుకుంటూ అన్నాడు. ఆ లేసు అప్పటికే కట్టి ఉంది.

టెంపో వెనక సందులో ఆపి, దొడ్డిగుమ్మంలోంచి మోశారని పక్కింటాయన చెప్పాడు. వీధి గేటు వెడల్పుగా ఉంది. లారీ కూడా వస్తుంది. ఇరుకు దారిలో ఎందుకు మోసినట్టు?

నేను రైల్వేలో పట్టాలు చూసే కీమేన్‌గా చేసినవాడిని. పట్టాని బిగించే చావీ వదులైతే నడుస్తుండగానే కాలికి తెలిసేది. ఇక్కడ ఏదో వదులుగా ఉంది బావా. ఏమిటో తెలియలేదు.

అక్కయ్యని అడిగానని చెప్పు.

త్రినాథరావు


పార్వతీపురం
ఏప్రిల్ నెల, ఎండలు ముదిరాయి

ఒరే త్రినాథా,

నీ ఉత్తరం అందింది. నలభై ఏళ్లు పోస్టుమేన్‌గా ఊళ్లోవాళ్ల ఉత్తరాలన్నీ మోశాను. నా పేరున వచ్చేది నీదొక్కటే. అందులోనూ ఏటి రాశావు? కొడుకు బూటు లేసు గురించి! నవ్వలేక చచ్చాను. మీ అక్కయ్య నాకు చెవుడే అనుకుంది, ఇప్పుడు పిచ్చి కూడా పట్టిందేటి అని వచ్చి చూసింది.

బతుకంతా పట్టాల మధ్య గడ్డి పీకావు. ముసలితనంలో నీ కాళ్ల కింద గడ్డి పరిచే కొడుకు పుట్టాడు. కుర్చీ వేసుకుని కూర్చోరా అంటే, చావీ వదులైంది, బోల్టు ఊడింది అంటావు. రిటైరైపోయావని రైల్వేవాళ్లు నీకు చెప్పలేదేటి?

మంచి సరుకే వేశారు. పచ్చపోగుల మధ్యన గోధుమరంగు పోగులు పెట్టి నేస్తారు చూడు, అది నాణ్యమైన రకం. నిజం గడ్డిలో ఎండుపోచ కలిసినట్టు ఉంటుంది. చవక రకంలో అవి ఉండవు. వానకి కుళ్లదు, ఎండకి వెలవదు.

పిల్లలు ముచ్చటపడి చేసుకున్న దానికి ఖరీదులు అడక్కు. పెద్దవాళ్లకి మర్యాద కాదు. మా చెల్లిని దాని మీద కూర్చోబెట్టి కాళ్లు చాపుకోమను.

జానకిరామ్


నెహ్రూ నగర్, బిలాస్‌పూర్
ఏప్రిల్ ఆఖరు

బావకి నమస్కారం.

అడక్కు అన్నావు. అడిగాను. కోపం తెచ్చుకోకు.

సైకిల్ మీద సిర్గిట్టి వెళ్లాను. ఈ గడ్డి అమ్మే గోదాము ఒకటి అక్కడ ఉందని సన్యాసిరావు చెప్పాడు. కొనేవాడిలా నిలబడ్డాను. గోదాము కుర్రాడు మంచివాడే. "ఆవో కకా, పెరడు ఎంత?" అని హిందీలో అడిగాడు. కకా అంటే ఇక్కడ బాబాయి. ముప్పై అడుగులకి ఇరవై అన్నాను.

వాడు లెక్క చెప్పాడు. గడ్డి ఒక్కటే కాదట. కింద మట్టి తీయాలి, రాతిపొడి వేసి దిమ్మిస కొట్టాలి, గుడ్డ పరవాలి, అతుకులకి జిగురు, అంచు కట్టడం, కూలీ. "గడ్డి కన్నా గడ్డి కింద ఉన్నదానికే ఎక్కువ ఖర్చు కకా" అన్నాడు. మంచి రకమైతే మొత్తం లక్షకి దగ్గర పడుతుందట.

"ముప్పై వేలకి రాదా?" అన్నాను.

"ముప్పై వేలకి దీని ఫోటో వస్తుంది. గోడకి తగిలించుకో" అన్నాడు. అక్కడున్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వి వచ్చేశాను.

మిగతా డెబ్భై వేలు ఎవరు పెట్టారు బావా? రమణబాబు జీతం నాకు తెలుసు. ఇంటి అప్పు కట్టగా మిగిలేది తెలుసు. ఆఫీసులో వాడిది కాంట్రాక్టర్ల పని కొలతలు చూసి బిల్లు పాస్ చేసే సీటు. అది తలుచుకుంటే అన్నం దిగడం లేదు.

గడ్డి సంగతి కూడా విను. మధ్యాహ్నం దాని మీద కాలు పెట్టలేం. మే నెలలో పట్టా కాలినట్టు కాలుతుంది. సౌభాగ్య రోజూ పైపుతో నీళ్లు కొడుతోంది. ప్లాస్టిక్ గడ్డికి నీళ్లు! మీ చెల్లి మాత్రం ఆ వేడి వృథా పోనివ్వడం లేదు. ఆవకాయకి మామిడి ముక్కలు తుడిచి, గుడ్డ వేసి దాని మీదే ఆరబెట్టింది. నూనె గిన్నె ఒకటి ఒలికింది. మరక పడింది. సౌభాగ్య ఏడుపొక్కటే తక్కువ.

ఇంకొక మాట. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పచ్చపోగుల మధ్య గోధుమ పోగులు ఉన్నాయని నేను నీకు రాయలేదు. వంగి చూస్తే గాని అవి కనపడవు. పార్వతీపురంలో కూర్చున్నవాడివి నీకెలా తెలిసింది?

త్రినాథరావు


పార్వతీపురం
మే నెల

త్రినాథా,

నీకు ఉత్తరం రాయాలంటే కూడా భయంగా ఉంది. పోలీసులో చేరవలసినవాడివి.

సరే, చెప్పేస్తాను. ఆ గడ్డి మా అల్లుడు దిలీప్ వేయించాడు. మా నీలవేణి, అతనూ మాఘమాసంలో వచ్చినప్పుడు జేబులోంచి ముక్క తీసి చూపించాడు. గోధుమ పోగులు అప్పుడు చూశాను. కోర్బాలో ఉంటాడు కదా, ఈ మధ్య బిలాస్‌పూర్‌లో కూడా పనులు పట్టుకుంటున్నాడు. రమణ కొత్తిల్లు కట్టుకున్నాడు, గృహప్రవేశానికి నేను మోకాళ్ల వాతంతో రాలేకపోయాను. మేనమామ చేతి మీదుగా ఆ ఇంటికి ఏమీ వెళ్లలేదని నాకు బాధ. "నా పేరున మేనల్లుడికి ఏదో ఒకటి చెయ్యి బాబూ" అని నేనే అల్లుడితో అన్నాను. అతను ఇది చేశాడు.

ఇందులో తప్పేటి? మేనమామ మేనల్లుడికి ఇవ్వడం ఎప్పటినుంచీ ఉంది. మా చెల్లి పెళ్లికి మీ ఇంటికి ఆవుని తోలాం. మీ నాన్న పిల్ల ఖరీదు అడగలేదు, ఆవు ఖరీదూ అడగలేదు!

అదీ కొత్తగా కొన్నది కాదు. రమణ ఆఫీసు గెస్ట్‌హౌస్‌లో దిలీప్ ఇలాంటి గడ్డే వేశాడు. అందులో మిగిలింది. పారేసే బదులు మనవాళ్ల ఇంట్లో పరిచాడు. నీకు చెబితే ఇలాగే గోల చేస్తావని రమణ ముప్పై వేలు అన్నాడు. ఆ గెస్ట్‌హౌస్ బిల్లు రమణ టేబుల్ మీదే ఉందంటే ఉంది. అది వేరు, ఇది వేరు.

ఇంక ఊరుకో.

జానకిరామ్


నెహ్రూ నగర్, బిలాస్‌పూర్
మే ఆఖరు

జానకిరామ్ బావగారికి,

నమస్కారం. మీ ఉత్తరం అందింది.

బిల్లు సంగతి నేను మిమ్మల్ని అడగలేదు. మీరే చెప్పారు. అది వేరు ఇది వేరు అని కూడా మీరే చెప్పారు.

రైల్వేలో ఒక బోల్టు మిగిలితే గ్యాంగు పెద్ద మేటుకి లెక్క చెప్పేవాళ్లం. ముప్పైకి ఇరవై అడుగుల గడ్డి ఎలా మిగులుతుందో చూద్దామని గెస్ట్‌హౌస్‌కి వెళ్లాను. లోపలికి వెళ్లలేదు. వెనక ప్రహరీ పొట్టిగా ఉంది. సైకిల్ క్యారేజీ ఎక్కి చూశాను.

ముందంతా పచ్చగా ఉంది. భవనం వెనక, పెద్ద ఆఫీసర్లు ఎవరూ వెళ్లని వైపు, రాతిపొడి పరిచి వదిలేశారు. గడ్డి లేదు. ఎంత మేర లేదో కంటితో కొలిచాను. సరిగ్గా మా పెరడంత ఖాళీ ఉంది అక్కడ.

మిగిలినది కాదు బావగారూ. అక్కడ వేయాల్సినది.

మేనమామ ఇవ్వడం నాకు తెలుసు. మీ ఇంటి నుంచి ఆవు వచ్చిన రోజు నాకు గుర్తుంది. కొమ్ములకి పసుపు రాసి, మెడలో గంట కట్టి, డప్పుతో వీధి పొడుగునా నడిపించారు. ఎవరి ఆవు, ఎవరింటికి అని ఊరంతా అడిగింది. మీ నాన్నగారు ఆగి ఆగి చెప్పారు. సారె అంటే అది. వీధిలోంచి వస్తుంది. పళ్లెం మీద గుడ్డ తీసి పదిమందికి చూపిస్తాం. మీరు పంపింది మా ఇంటికి దొడ్డిగుమ్మంలోంచి వచ్చింది. నేను ఊళ్లో లేనప్పుడు వచ్చింది.

మీ చెల్లిని అడిగాను. ఆమెకి ముందే తెలుసు.

"మా అన్న ఇచ్చినాడు. మీకేటి నొప్పి?" అంది.

"మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెప్తే ఏటి చేస్తారు? మాటాడరు, తినరు. గోడకేసి తిరిగి పడుకుంటారు. ఇన్నేళ్లుగా చూడలేదేటి నేను!"

నిజమే. ఇంట్లో అందరికీ తెలుసు. నాకు తప్ప. ఇప్పుడు ఎవరు నవ్వినా నన్ను చూసి నవ్వినట్టుంది. రమణబాబు ఫోను పట్టుకుని మేడ మీదకి వెళ్తే మీ అల్లుడితో మాట్లాడుతున్నాడా అనిపిస్తోంది.

త్రినాథరావు


పార్వతీపురం
జూన్ మొదటివారం

త్రినాథరావుగారికి,

నన్ను మీరు అంటావా? మా ఇంట్లో పీట వేసి పిల్లనిచ్చినప్పటి నుంచి నువ్వు, నేను. ఇప్పుడు గడ్డి కోసం బావగారినయ్యాను. చాలా సంతోషం.

గోడెక్కి చూశావా! ఈ వయసులో కాలు విరిగితే మా చెల్లెలికి ఎవరు దిక్కు?

ఒకటి విను. నాకు ఆ ఖాళీ సంగతి తెలీదు. మిగిలిందంటే మిగిలిందనుకున్నాను. నీ ఉత్తరం చూశాక నీలవేణిని ఫోనులో మీ అక్కయ్య చేత అడిగించాను. అది ఏడ్చింది. దాని గాజులు తాకట్టు పెట్టి ఆ పని చేశాడట దిలీప్. బిల్లు రావాలి. అప్పటికి వెనక భాగం పని మిగిలి ఉంది. సరుకు ఆఖరి చుట్టలు రమణ ఇంటికి తోలీశాడు. వెనకవైపు ఎవరు చూస్తారులే అనుకున్నాడు. నెలాఖరుకి రమణ కొలతలు సరిపోయాయని సంతకం పెట్టాలి. ఖాళీ ఉందని రమణకి తెలుసో లేదో నేను అడగలేదు. నువ్వూ అడక్కు.

నువ్వు ఎవరి దగ్గరైనా నోరు విప్పితే నీ కొడుకు ఉద్యోగం పోతుంది, నా అల్లుడి పని పోతుంది. విప్పకపోతే నువ్వు అన్నం తినవు. నీకు ఏది మంచిదో నాకు తోచడం లేదు. చేతనైతే ఊరుకో. నీకు వచ్చిన పని అదొక్కటే కదా.

జానకిరామ్


నెహ్రూ నగర్, బిలాస్‌పూర్
జూన్ నెల, తొలివాన పడిన మర్నాడు

బావగారికి,

ఎవరికీ చెప్పలేదు. చెప్పడం నాకు రాదు. వచ్చిన పని చేశాను.

ఆదివారం రమణబాబు, సౌభాగ్య ఎవరిదో పెళ్లికని రాయపూర్ వెళ్లారు. సన్యాసిరావుని రమ్మన్నాను. మా గ్యాంగులోని తిరుమలరావుని కూడా తీసుకొచ్చాడు. ఎందుకని ఇద్దరూ అడగలేదు. "ఏటి ఎత్తాల?" అన్నారు. అంతే.

అతుకుల దగ్గర జిగురు గట్టిగా పట్టింది. నా చాకు మొద్దుబారింది. మీ చెల్లి గుమ్మంలో నిలబడి చూస్తోంది. కాసేపటికి లోపలికి వెళ్లి మామిడికాయలు నరికే కత్తి తెచ్చింది.

"దానితో ఏటి తెగుతాది? ఇది పట్టండి. మా అన్నకి నేను చెప్పుకుంటాను" అంది.

ముగ్గురు ముసలివాళ్లం. పట్టా ఎత్తినప్పుడు అరిచినట్టే "హైసా" అని అరిచాం. తిరుమలరావు అప్పట్లో పాడే బూతుపాట మొదలెట్టాడు. "ఆడకూతురు ఉంది, ఊరుకో ఎహె" అని సన్యాసిరావు తిట్టాడు. మీ చెల్లి "నాకు రాని పాటేటి!" అంది. పెళ్లయి వచ్చిన రోజుల్లో మా క్వార్టరు పట్టాల పక్కనే కదా.

చుట్టలు టెంపోలో వేసి గెస్ట్‌హౌస్‌కి తీసుకువెళ్లాం. ఈసారి ముందు గేటులోంచి. చౌకీదారు ఆపాడు. ఎవరు, ఏమిటి అన్నాడు. "దిలీప్ సేఠ్ పని. వెనకవైపు మిగిలిపోయింది" అన్నాను. అబద్ధం కాదు కదా. "అచ్ఛా, ఇన్నాళ్లకి వచ్చారా" అని గేటు తీశాడు.

సాయంత్రానికి పరిచేశాం. అతుకులు కొంచెం ఎక్కువయ్యాయి. అయినా ఖాళీ లేదు. ఎవరు కొలుచుకున్నా సరిపోతుంది. అటు చివర ఒక మూల ఆవకాయ నూనె మరక ఉంటుంది. దానికి నేనేమీ చేయలేను.

వాళ్లు తిరిగి వచ్చారు. రమణబాబు పెరట్లో రాతిపొడి మీద నిలబడ్డాడు.

"గడ్డి ఎక్కడికి పోయింది?" అన్నాడు.

"దాని చోటికి" అన్నాను.

నా ముఖం చూశాడు. ఈసారి లేసు కట్టుకోలేదు. అక్కడే కూలబడ్డాడు. సౌభాగ్య ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాడు. వానొచ్చింది. లేవలేదు. మీ చెల్లి గొడుగు తీసుకెళ్లి వాడి నెత్తి మీద పట్టింది. నేను అరుగు మీద కూర్చున్నాను. ఖాళీ సంగతి నీకు ముందే తెలుసా అని అడగాలనిపించింది. మీరు వద్దన్నారు. అడగలేదు.

నీలవేణికి బిల్లు వస్తుంది. ఇప్పుడు అది నిజం బిల్లు.

త్రినాథరావు


పార్వతీపురం
శ్రావణమాసం

ఒరే త్రినాథా,

చాలారోజులు నీకు రాయలేదు. కోపం వల్ల కాదు. కొంచెం కోపం వల్లనే. మిగతాది సిగ్గు.

బిల్లు వచ్చిందట. నీలవేణి గాజులు విడిపించుకుంది. కాని అది నీ మీద మండిపోతోంది. "మావయ్య మమ్మల్ని దొంగల్ని చేసినాడు" అంటోంది. చేసింది ఎవరే అని మీ అక్కయ్య చేత అనిపించాను. ఫోను పెట్టేసిందట. దిలీప్ మాతో అసలు మాట్లాడడం లేదు. అది నువ్వు భరించాలి, నేనూ భరించాలి.

ఆ సంతకం రమణ పెట్టలేదట, తెలుసా? "కాంట్రాక్టరు మా బంధువు, ఈ ఫైలు వేరే వాళ్లకి ఇవ్వండి" అని రాసిచ్చాడని దిలీప్ నీలవేణితో తిట్టుకుంటూ చెప్పాడట. నీకు వాడు చెప్పి ఉండడు. నువ్వు అడిగి ఉండవు. ఒకే అచ్చు.

ఇప్పుడు నా సారె సంగతి. మేనమామని. ఊరికే ఊరుకోను. చవితి వస్తోంది. మా చెల్లి గరిక మూల నా వల్లనే పోయింది. మా చేనుగట్టు మీది గరిక వేళ్లతో తవ్వి, తడిపిన గోనెసంచిలో కట్టి పార్సిల్ చేశాను. దారిలో చస్తుందని మీ అక్కయ్య అంటోంది. గరిక చావదు. జీవితమంతా పీకినవాడివి, నీకన్నా ఎవరికి తెలుసు?

సంచి మూతికి పసుపు రాశాను. మా చెల్లికి రవికెల గుడ్డ పెట్టాను. మధ్యాహ్నం పోస్టుమేన్ వీధి గుమ్మం ముందు ఆగి బెల్లు కొడతాడు. పేరు పెట్టి గట్టిగా పిలుస్తాడు. నలుగురూ చూస్తారు. తలుపు తియ్యి.

జానకిరామ్


నెహ్రూ నగర్, బిలాస్‌పూర్
చవితి ముందు

బావకి నమస్కారం.

నీ సంచి వచ్చింది. పోస్టుమేన్ బెల్లు కొట్టి, మా పేరు తప్పుగా పలికి, గట్టిగానే అరిచాడు. పక్కింటాయన, ఎదురింటి మాస్టారు బయటికి వచ్చారు. "క్యా ఆయా?" అన్నారు. రమణబాబు ఇంట్లోనే ఉన్నాడు. వాడే వెళ్లి తీసుకున్నాడు.

"మా మేనమామ సారె" అన్నాడు హిందీలో.

"అందులో ఏముంది?"

"గడ్డి."

వాళ్లు ముఖాలు చూసుకున్నారు. మీ చెల్లి నవ్వింది.

ఫైలు సంగతి నాకు తెలీదు. నువ్వు రాశావు కాబట్టి నమ్మాలి. నువ్వు దిలీప్ మాట మీద రాశావు కాబట్టి సగం నమ్మాను. మిగతా సగం రమణబాబు నడక చూసి నమ్ముతాను. ఈ మధ్య ఆఫీసు నుంచి వచ్చి ముందు గుమ్మంలోంచే లోపలికి వస్తున్నాడు.

వాడూ నేనూ కలిసి మూల రాతిపొడి తవ్వి తీశాం. మట్టి పోశాం. గరిక నాటాం. వాడు గుంట తీస్తే నేను పెట్టాను. సౌభాగ్య నీళ్లు పోసింది. ఈసారి పోయవలసిన గడ్డికే పోసింది. రెండు చోట్ల కొత్త పోచ లేచింది.

నీలవేణి కోపం పోయేదాకా ఉండనీ. ఆమెకి నా నమస్కారం చెప్పకు. ఆశీర్వాదం చెప్పు.

ఒకటి దాచను బావా. నాటే ముందు ఎవరూ చూడకుండా సంచిని బోర్లించి దులిపాను. అడుగుదాకా చెయ్యి పెట్టి వెతికాను. వేళ్లు, మీ చేను మట్టి. ఇంకేమీ లేదు.

త్రినాథరావు